లైన్లో ఉండు, కందిపప్పు తీసుకుంటున్నా

కిరాణా కొట్లలో, మందుల షాపుల్లో, బ్యాంకుల్లో గల్లాపెట్టె వెనక గోడకి ఓ పటం వేలాడుతుంటుంది. గాంధీగారి బొమ్మ, పక్కన నాలుగైదు వాక్యాలు. మన గడప తొక్కేవాళ్లలో కస్టమరే అందరికన్నా ముఖ్యుడని, ఆయన మన మీద ఆధారపడలేదు, మనమే ఆయన మీద ఆధారపడ్డామని సారాంశం. కొన్ని పటాల మీద '1890, దక్షిణాఫ్రికా' అని అచ్చేసి ఉంటుంది. 1890లో గాంధీగారు లండన్‌లో బారిస్టరీ చదువుకుంటున్నారు. దక్షిణాఫ్రికాలో ఆయన కాలు పెట్టింది 1893లో. అంటే మన కస్టమరు మహారాజుకి పట్టాభిషేకం జరిగింది దొంగ సర్టిఫికెట్టు మీదన్నమాట. అయినా సర్టిఫికెట్లు చూసి రాజ్యాలేలినవాళ్లెవరు గనక! అదుగో, రాజుగారు వేంచేశారు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, మెడ ఓ పక్కకి వాల్చి, గల్లాపెట్టె ముందు నిలబడ్డారు.

"ఆఁ, చెప్పు... లేదు లేదు, నువ్వు చెప్పు."

ఇది కొట్టాయనతో కాదు. కొట్టాయనకి మాటలు దక్కవు, వేళ్లే. రెండు వేళ్లు చూపించి, గడ్డంతో పప్పుల బస్తాల వైపు ఒక్క విసురు విసురుతారు. రెండంటే రెండు కిలోలా, రెండు అరకిలోలా? గడ్డం వెళ్లింది కందిపప్పు మీదకా, దాని పక్కనున్న పచ్చిశనగపప్పు మీదకా? అడగబోతే అరచెయ్యి పైకి లేస్తుంది. ఆగు, పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం అని దానర్థం. వెనక నలుగురు నిలబడ్డారు కాబట్టి కొట్టాయన దేవుడి మీద భారం వేసి శనగపప్పు కాటా మీద పోస్తాడు. రాజుగారి కళ్లు పెద్దవవుతాయి. తల అడ్డంగా ఊగుతుంది. చివరికి నోరు కూడా కదులుతుంది, కానీ ఫోన్లోకే: "ఒక్క నిమిషం లైన్లో ఉండరా, ఇక్కడొకడు ప్రాణం తీస్తున్నాడు."

ఆ ఒకడు మూరెడు దూరంలో ఉన్నాడు. విన్నాడు. విని, పోసిన పప్పు మళ్లీ బస్తాలో పోసి కందిపప్పు తూకం వేశాడు, పైగా కొసరు కూడా వేశాడు.

కర్రీ పాయింట్ దగ్గర కథ ఇంకా రసవత్తరం. ఇప్పుడు ఫోను చేతిలో కూడా ఉండదు, చెవుల్లో తెల్ల బొడిపెలుంటాయి. జుట్టు కాస్త పెరిగితే అవీ కనపడవు. కూరలమ్మే ఆవిడ సాంబారు కవర్లో పోసి, మూతి మెలిపెట్టి, రబ్బరు బ్యాండు గట్టిగా చుడుతూ, "దొండకాయ వేపుడు కట్టమంటారా అండీ?" అంటుంది. రాజుగారు సూటిగా ఆవిడ కళ్లలోకి చూస్తూ, "దాని పేరెత్తకు. పోయినసారి దాంతోనే కదా కొంప మునిగింది!" అంటారు. తెల్లవారుజామున లేచి తరిగిన దొండకాయలు. ఆవిడ ముఖం మాడిపోతుంది. గరిట అక్కడే పెట్టేసి, "నిన్న పాడైందా అండీ?" అని భయంభయంగా అడుగుతుంది. రాజుగారు మాట్లాడింది బావమరిది కట్టించిన చీటీ గురించి.

మందుల షాపులో నవ్వులాట కాదు. అక్కడ బిళ్లల అట్ట కత్తెరతో కోస్తూ ఓ అమ్మాయి, "ఇది పరగడుపున, ఇది తిన్నాక, ఈ రెండూ మాత్రం కలిపి వేసుకోకండి" అని చెబుతోంది. రాజుగారు తల ఊపుతున్నారు. ఆ ఊపు ఆ పిల్లకి కాదు, సెంటు ఎంత చెబుతున్నాడో ఫోన్లో వివరిస్తున్న స్థలాల బ్రోకరుకి. ఆ పిల్ల తెలివైంది, కవరు మీద కూడా రాసిచ్చింది. రాత్రి పదిన్నరకి షాపు మూసే వేళ ఫోను. "ఆ తెల్ల బిళ్ల తినకముందా, తిన్నాకా?" "కవరు మీద రాశానండీ." "కవరు పారేశానమ్మా." పొద్దున ఎదురుగా నిలబడ్డప్పుడు వినపడని గొంతు, ఫోన్లోకి వచ్చేసరికి వేదవాక్యమైంది. మనుషులతో మాట్లాడటం ఇష్టంలేక కాదండీ, ఎదురుగా ఉంటే మనుషుల్లా ఆనరు, అంతే.

ఎందుకిలా అయ్యామని ఆలోచిస్తే నాకు కనపడే కారణం ఒక్కటే, రేటు. 1995 జులై 31న మన దేశంలో మొదటి మొబైల్ కాల్ నడిచింది, కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో రద్దీ వేళైతే నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. చేసినవాడికే కాదు, ఎత్తినవాడికీ బిల్లే. అంచేత ఫోను మోగితే పెద్దమనుషులు కూడా "ఇంటికెళ్లి ల్యాండ్‌లైన్ నుంచి చేస్తా" అని రెండు ముక్కల్లో పెట్టేసేవారు. అంతకుముందు ఎస్‌టీడీ బూత్‌లుండేవి. అద్దాల గదిలోకెళ్లి తలుపేసుకుని, ఎర్రంకెల మీటరు మీద ఓ కన్నేసి, గుండె దడతో మాట్లాడి బయటపడేవాళ్లం. రాత్రి పొద్దుపోయాక పావు రేటుకోసం వరసలో నిలబడేవాళ్లం. అప్పుడు మనకి మర్యాద తెలుసనుకుంటే పొరపాటు. మీటరు తెలుసు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది, 2016 సెప్టెంబరులో జియో వచ్చి కాల్స్‌కి లెక్కే లేకుండా చేసింది. మీటరు పోయింది, దాంతోపాటు అద్దాల తలుపూ పోయింది. ఇప్పుడు ఫోన్లో అవతలివాడి నిమిషం విలువైనది, మన నిమిషం ఇంకా విలువైనది. ఊరికే వచ్చేది గల్లాపెట్టె వెనకున్నవాడి నిమిషం ఒక్కటే.

చీరల కొట్లో రాజ్యం రాణిగారిది. పరుపు మీద బాసింపట్టు వేసుక్కూచున్న సేల్స్‌మన్, "ఏం చూపించమంటారమ్మా, మంగళగిరా, గద్వాలా?" అంటాడు. రాణిగారు పలకరు. ఫోను తీసి డాలస్‌లో ఉన్న కోడలికి వీడియో కాల్ కలుపుతారు. ఇక్కడ పగలు పదకొండు, అక్కడ అర్ధరాత్రి. కోడలు దుప్పట్లోంచి, "ఆ పై అరలో ఎడమ నించి మూడోది అత్తయ్యా" అంటుంది. అతను లేచి, స్టూలెక్కి, తీసి, విప్పి, పైట తన భుజం మీద వేసుకుని ఫోను ముందు నిలబడతాడు. ఇంతేసి మీసాలున్న మనిషి, పైటేసుకుని డాలస్ వైపు నవ్వాలి.

"కాస్త పక్కకి తిరగమనండి, అంచు కనపడట్లేదు."

"కాస్త పక్కకి తిరుగు బాబూ."

తిరుగుతాడు.

"రంగు తెలీట్లేదు, ఎండలోకి తెమ్మనండి."

తెస్తాడు. రోడ్డు మీద ఆటోవాళ్లు తలలు బయటపెట్టి చూస్తారు.

"వంకాయ రంగులా ఉందేంటి?"

"కాదమ్మా, నెమలికంఠం..."

"నిన్నడగలేదు బాబూ, నువ్వుండు."

పాతిక చీరలు విప్పించాక తెర మీద బొమ్మ బిగుసుకుపోతుంది. కోడలు ఆవలింత మధ్యలో, నోరు తెరిచినదల్లా అలాగే ఉండిపోతుంది. "సిగ్నల్ పోయింది, సాయంత్రం మళ్లీ వస్తాం" అని రాణిగారు చెప్పులేసుకుంటారు. చీర విప్పడానికి ఒక్క విదిలింపు చాలు. మడవాలంటే ఇద్దరు కావాలి, చెరో కొసా పట్టుకోవాలి, జరీ నలక్కుండా పాత మడత మీదే మళ్లీ మడత పడాలి. ఆ పాతికా మడిచి పైకి సర్దేసరికి భోజనాల వేళ దాటిపోతుంది. సాయంత్రం రాణిగారు రారు. డాలస్‌లో తెల్లారాక కోడలు ఆన్‌లైన్లో తెప్పించుకుంటుంది.

డబ్బు కట్టేటప్పుడైనా ఫోను చెవి నుంచి దిగుతుందని ఆశపడ్డాం. యూపీఐ ఆ ఆశ మీద కూడా నీళ్లు చల్లింది, ఫోనే జేబు కూడా అయింది మరి. రాజుగారు కాల్ కట్ చెయ్యకుండా స్పీకర్లో పెట్టి, ఫోనుని అప్పడంలా అడ్డంగా పట్టుకుని క్యూఆర్ కోడ్ మీదకి వంగుతారు. అవతలాయన కూడా బేరంలో దిగుతాడు. "ఎంతయిందిరా?" "మూడొందల నలభై." "దోపిడీరా బాబూ, మా వీధిలో మూడొందలే!" ఇప్పుడు కొట్టాయన, ఎన్నడూ చూడని మనిషికి, తన గడప తొక్కని మనిషికి, ధర ఎందుకు పెరిగిందో సంజాయిషీ చెప్పుకోవాలి. చెబుతుండగానే గల్లాపెట్టె పక్కనున్న డబ్బా గొంతెత్తి, మూడు వందల నలభై అందాయని చాటుతుంది. రాజుగారు ఆ డబ్బా వైపు చూసి బుద్ధిగా తలూపి వెళ్లిపోతారు. కొట్లో ఆయన చివరిదాకా విన్న గొంతు అదొక్కటే.

దుకాణాలవాళ్లు పతివ్రతలని నేననను. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున హార్డ్‌వేర్ కొట్లో మేకులడిగి చూడండి, ఓవరు అయ్యేదాకా తల ఎత్తరు. పెద్ద షోరూముల్లో స్తంభాల చాటున రీల్స్ చూసుకునే కుర్రాళ్లనీ చూశాను. కానీ ఒక తేడా ఉంది. కౌంటరు వెనకున్నవాడు ఫోను చూస్తే మేనేజరు జీతం కోస్తాడు. కౌంటరు ముందున్నవాడు చూస్తే అదే మేనేజరు కుర్చీ వేయిస్తాడు.

ఈ రోగం మనకే ఉందనుకోకండి. 2013లో లండన్ శివారు క్రేఫర్డ్‌లో ఒక సూపర్‌మార్కెట్ క్యాషియరు, ఫోను పెట్టేస్తేగానీ బిల్లు కొట్టనని ఓ కస్టమరుకి చెప్పింది. ఆ కస్టమరు పైవాళ్లకి ఫిర్యాదు చేసింది. పైవాళ్లు క్షమాపణ చెప్పి కూపన్లు చేతిలో పెట్టారు. ఎవరికనుకున్నారు? ఫోన్లో మాట్లాడినావిడకి! మన దగ్గరైతే కూపన్ల దాకా రాదు లెండి, సాయంత్రానికి ఆ పిల్లకి ఉద్యోగం ఉండదు.

'ఫోన్ మాట్లాడుతూ సరుకులు అడగవద్దు' అని కాయితం అంటించి చూశాడు మా వీధి కొట్టాయన. రాజుగారు దాన్ని ఫోటో తీసి, చూడండి వీడి పొగరు అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అంచేత బోర్డులతో అయ్యేది కాదు. మర్యాద మనకి ఎప్పుడూ మీటరుతోనే వచ్చింది కాబట్టి, మీటరే పెట్టాలని నా మనవి. కౌంటరు ముందు ఫోన్లో మాట్లాడిన ప్రతి నిమిషానికీ 1995 నాటి రేటు, 16 రూపాయలు. వసూలు కాగానే డబ్బా బజారంతా వినపడేలా చెప్పాలి: "ఫలానావారు నాలుగు నిమిషాలు మాట్లాడిరి, అరవై నాలుగు రూపాయలు ముట్టినవి." ఆ రోజున రాజుగారు మొట్టమొదటిసారి ఫోను చెవి నుంచి తీసి, కొట్టాయన ముఖంలోకి సూటిగా చూసి, నోరు విప్పి ఓ పూర్తి వాక్యం మాట్లాడతారు.

"ఏవయ్యా, ఇన్‌కమింగ్‌కి కూడానా?"