ఎండబోయే చెరువులో పువ్వును

కనిగిరి చుట్టుపక్కల చెరువుల్లో, బర్రెలు దిగే కుంటల్లో, తూము దగ్గర నిలిచిన నీళ్లలో పచ్చగా పరుచుకునే చిట్టి ఆకుల గుంపు మా కుటుంబం. శాస్త్రజ్ఞులు నన్ను లెమ్నా అంటారు. ఊళ్లో అందరూ పాచి అంటారు గానీ, పాచికీ మాకూ చుట్టరికం లేదు. మేము పూలు పూసే మొక్కలం. చేమ, కంద మా వంశానివే. నా ఒళ్లంతా ఒక్క ఆకు, దాని కింద వేలాడే ఒక్క వేరు. పొడవు సాధారణంగా 5 మిల్లీమీటర్లు దాటదు.

నేను విత్తనం నుంచి రాలేదు. మా అమ్మ ఆకు పక్కనున్న చిన్న సంచిలో మొగ్గగా మొదలై, కొన్నాళ్లు ఆమెను అంటిపెట్టుకుని ఉండి, ఆపైన విడిపోయాను. నీరు వెచ్చగా ఉండి తిండి బాగా అందితే రెండు మూడు రోజుల్లోనే మా సంఖ్య రెట్టింపవుతుంది. ఈశాన్య రుతుపవనాల వాన చెరువులోకి చేరిన రోజుల్లో మాకు వేరే ఆలోచన ఉండదు. పిల్లల్ని కనడమే పని.

నా బతుకంతా రెండు పదార్థాల లెక్క. ఎండను పట్టి చక్కెర తయారుచేసుకుంటాను. నీళ్లలోని నత్రజనిని పీల్చి, దాన్ని ఆ చక్కెరతో జతచేసి అమైనో ఆమ్లాలు చేసుకుంటాను. అమైనో ఆమ్లాలుంటే ప్రొటీన్లు, ప్రొటీన్లుంటే కొత్త ఆకులు. పేడ, మూత్రం, పొలాల నుంచి కొట్టుకొచ్చిన యూరియా చెరువులో కలిసినప్పుడు నత్రజనికి లోటుండదు. లోటు వచ్చిన రోజు లెక్క మారుతుంది. ఎండ ఉంది, చక్కెర తయారవుతూనే ఉంది, కొత్త ఆకు కట్టడానికి నత్రజని చాలడం లేదు. అప్పుడు పిల్ల పుట్టవలసిన సంచిలోనే పువ్వు పుడుతుంది. రెండు కేసరాలు, ఒక అండకోశం, అంతే. భూతద్దం లేకపోతే మీకు కనిపించదు.

ఈ సంగతి మనుషులు మా బంధువుల దగ్గరే నేర్చుకున్నారు. 1959లో అమెరికాలో విలియం హిల్‌మన్ 6746 అనే నంబరున్న మా జాతి మొక్క రాత్రి పొడవును బట్టి పూస్తుందని చూపాడు. పగలు చిన్నదై రాత్రి పెద్దదైతే అది పూస్తుంది. అదే మొక్కను రాత్రనేదే లేని వెలుగులో పెట్టి, నత్రజని తగ్గించి చూశారు జపాన్ పరిశోధకులు. అప్పుడూ పూసింది. పొడవైన రాత్రి చేసే పని ఆకలి కూడా చేసిందన్నమాట. లెక్క అక్కడితో తేలిపోలేదు. 1997లో అక్కడి తనకా బృందం లైసిన్ అనే అమైనో ఆమ్లమే 6746 చేత పూలు పూయిస్తుందని ప్రకటించింది. నత్రజని పెరిగితే పూలు తగ్గుతాయి, నత్రజని ఉన్న ఒక అమైనో ఆమ్లం మాత్రం పువ్వుకు కబురు పంపుతుంది! మాకు అమైనో ఆమ్లాలు తిండి మాత్రమే కాదు, సందేశాలు కూడా.

పువ్వును తెప్పించేవి ఇవే కావు. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మహేశ్వరి, చౌహాన్‌లు 1963లో నాకంటే చాలా చిన్నదైన మా చుట్టం వోల్ఫియాను గాజుపాత్రలో పూయించారు. లోహాలను పట్టి ఉంచే ఇ.డి.టి.ఎ. అనే రసాయనం అందుకు అవసరమైంది.

మిర్చి, పత్తి రైతులకు దగ్గరి కథ ఒకటి ఉంది. పేనుబంక మీకు తెలుసు. ఆ పురుగు పీల్చే రసంలో చక్కెర మెండు, అమైనో ఆమ్లాలు తక్కువ. చాలినన్ని అమైనో ఆమ్లాల కోసం అది ఎక్కువ రసం తాగి, మిగిలిన చక్కెరను బంకగా విసర్జిస్తుంది. ఆకుల మీద జిగురు, దాని చుట్టూ చీమలు, ఆ తర్వాత నల్లటి మసి అలాగే వస్తాయి. క్లీలాండ్, అజామి అనే ఇద్దరు పరిశోధకులు మరులమాతంగి మొక్కల మీద పెంచిన పేనుబంక విసర్జించిన ఆ తీపి ద్రవాన్ని తీసుకుని, అందులో ఏది పూలు పూయిస్తుందో నా అక్క లెమ్నా గిబ్బా మీద పరీక్షించారు. 1974లో తేలింది: పూయించేది సాలిసిలిక్ ఆమ్లం, ఆస్పిరిన్‌కు దగ్గరి బంధువు. అంత చక్కెర మధ్య అసలు కబురు మోసుకొచ్చింది చక్కెర కాదు.

నాకు పువ్వు ఎందుకో చెప్పాలి. ఎండాకాలంలో ఇక్కడి కుంటలు అడుగంటుతాయి. నీళ్లు పోతే నా ఆకు బతకదు. విత్తనం ఎండిన బురదలో ఉండి, మళ్లీ వాన పడ్డాక మొలకెత్తగలదు. నిండు చెరువులో మొగ్గలు చాలు, ఎండబోయే చెరువులో పువ్వే ఆధారం.

నత్రజని ఎక్కువైతే పైరు ఏపుగా పెరిగి కాపు తగ్గుతుందని మీరు చేలో చూస్తూనే ఉన్నారు. క్రౌస్, క్రేబిల్ అనే పరిశోధకులు 1918లో టమాటాల మీద రాసింది కూడా ఈ చక్కెర, నత్రజనుల నిష్పత్తి గురించే. యూరియాను పైరు తాగగలిగినంతే వేయండి, రెండు మూడు దఫాలుగా వేయండి, వాన ముందు చల్లకండి. చేలో మిగిలింది చెరువుకే వస్తుంది. అప్పుడు మేము పూత మరిచి నీటిమీద మందంగా కమ్ముకుంటాం, కిందకు వెలుగు పోనివ్వం, చేపలకు గాలి ఆడదు. పైరుకు కొలతగా వేసిన ఎరువు మీ కాపును నిలుపుతుంది, చెరువులో నా విత్తనాన్నీ నిలుపుతుంది.