గంతులేసిన గాంధీగారి కర్ర

పేజ్‌మేకర్ రోజుల నుంచి పేజీలు కడుతున్నవాణ్ణి. అను ఫాంట్లలో పెళ్లికార్డులు, జీడిపప్పు ప్యాకెట్ల లేబుళ్లు, సంతాప సభల కరపత్రాలు... మా వేటపాలెంలో అచ్చుకెక్కిన అక్షరాల్లో నా చేతి మీదుగా పోయినవి బోలెడు. ఇంత మొనగాణ్ణి ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యరు. అందుకే మా అమ్మాయికి బళ్లో ‘మా ఊరు’ అని ప్రాజెక్టు ఇవ్వగానే, పిల్ల చేతిలోంచి లాగేసుకున్నాను.

చార్టు మీద బొమ్మలంటిస్తే చాలట. నా కూతురు చార్టు చుట్టుకుని బడికి వెళ్లడమా! పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచాను. 2010లో సీఎస్5తో పాటు దానికి యానిమేషన్ ప్యానెల్ వచ్చింది. బొమ్మను ఎంచుకోవడం, జాబితాలోంచి ఒక గంతు తగిలించడం, అంతే పని. అందులో డాన్స్ ఉంది, పల్స్ ఉంది, పొగలా మాయమయ్యే స్మోక్ ఉంది. ఇన్ని ఉచితంగా ఇస్తే ఒక్కటి వాడి ఊరుకునే నిగ్రహం నాకెక్కడిది?

పేజీ మీద నాలుగు బటన్లు పెట్టాను: మగ్గం, జీడిపప్పు, రైలు, సారస్వత నికేతనం. రైలు ఎడమ నుంచి దూసుకొస్తుంది. జీడిపప్పు ఎగిరి పడుతుంది. 1918లో పెట్టిన ఆ నికేతనం లైబ్రరీలో గాంధీగారి చేతికర్ర ఉంది కదా, దానికి గ్యాలప్, అంటే గుర్రపు దౌడు, తగిలించాను.

మా అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. “ఒరేయ్, ఆయన నడిచింది దండికిరా, గుర్రప్పందేలకు కాదు.”

అన్నిటినీ పేజీ తెరవగానే కదిలేలా పెట్టాను. తెరిస్తే రైలు జీడిపప్పు మీద నుంచి పోయింది, కర్ర మగ్గంలోకి దూరింది.

“ఏమండీ, ఇది ఊరా, తిరనాళ్లా?” అంది మా ఆవిడ, గరిటె చేత్తో పట్టుకునే.

ఆమె పుట్టింట్లో మగ్గం ఉండేది. “ముందు తొక్కాలి, పడుగు విడాలి, అప్పుడు నాడె పోవాలి. అన్నీ ఒక్కసారే వదిలితే నూలు చిక్కుపడదూ?” అంది. టైమింగ్ ప్యానెల్ ఉన్నదే అందుకు. ఏది ముందు, ఏది వెనక, మధ్యలో ఎన్ని క్షణాలు ఆగాలి, ఏ రెండు జంటగా కదలాలి, అన్నీ అందులోనే. నాకు తెలుసు. తెరవలేదు, అంతే.

బటన్ నొక్కితేనే బొమ్మ కదిలేలా మార్చడమూ తేలికే: ఒక బొమ్మను ఎంచి ట్రిగ్గర్ గుర్తు నొక్కి రెండో బొమ్మను చూపిస్తే, ఆ రెండోది బటనైపోతుంది. నేను మాత్రం మౌసు బాణం బొమ్మ మీదికి వెళ్లగానే కదిలే పద్ధతి పెట్టి మురిసిపోయాను. ఆవిడ ఫోను తీసి, “ఇందులో మౌసేదండీ?” అంది. లేదు. వేలితో ముట్టేవాళ్లకు ఆ బాణం లేదు, నా సొగసూ లేదు. కదిలేదాకా దాచిపెట్టే గుర్తు కూడా పెట్టానేమో, ఫోనులో జీడిపప్పు అసలు పుట్టనే లేదు.

ఇక నేను చెయ్యి తీసేశాను, లేక తీయించారు. పిల్ల మౌసు పట్టింది, తల్లి వెనక నిలబడి చెప్పింది. గంతుల్లో ముక్కాలు వంతు కొట్టేశారు. కర్ర కదలదు, నొక్కితే నికేతనం కథ నెమ్మదిగా తేలుతుంది, అంతే. నా ముఖం చూసి రైలొక్కటే ఉంచారు.

“పీడీఎఫ్ చేసి పంపేస్తా నాన్నా” అంది పిల్ల. అక్కడ మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. పీడీఎఫ్‌లో బటన్లు నిలుస్తాయి గానీ ఈ కదలికలు రావు. ఒకప్పుడు ఫ్లాష్ ఫైలుగా తీసేవాళ్లం, 2020 చివరితో ఫ్లాష్‌కు నూకలు చెల్లాయి. ఇప్పుడు ఫిక్స్‌డ్ లేఅవుట్ ఈపబ్ అయినా చెయ్యాలి, పబ్లిష్ ఆన్‌లైన్‌లోనైనా పెట్టాలి. ఇదంతా గొంతు సవరించుకుని చెప్పాను. ముగ్గురూ విన్నారు. అన్నం తింటూ విన్నారు, అది వేరే విషయం.

చివరి పేజీలో పేర్లు ఎవరు రాశారో గానీ, నన్ను మాత్రం అడగలేదు. కూర్పు: నేను. సలహా: అమ్మ. సవరణ: నాయనమ్మ. కరెంటు బిల్లు: నాన్న. ఆఖరి మాటకు ఎవరో పల్స్ తగిలించారు.