ఎనిమిది తీగలు, సున్నా పల్లవి

మా మేనల్లుడు ఈమధ్య రోజూ నాకు మెటల్ పాటలు పంపుతున్నాడు. పాటతోపాటు ఒక హెచ్చరిక కూడా వస్తుంది: "మావయ్యా, రెండు నిమిషాల నలభై ఏడో సెకను దగ్గర జాగ్రత్త!" ఆ సెకను దగ్గర ఏముంటుందో మీకు చెప్పక్కర్లేదు. గిటారిస్టు పది వేళ్ళతో టైపు హయ్యర్ పరీక్ష రాస్తుంటాడు. డ్రమ్మరు కాళ్ళు కంటికి ఆనవు. టెంపో 240. బీటుకు నాలుగు చొప్పున లెక్కేస్తే సెకనుకు పదహారు స్వరాలు. పాట అయిపోయాక ఇంతసేపూ ఏం విన్నానా అని బుర్ర గోక్కుంటే ఒక్క ముక్క తగలదు.

"ఒరేయ్, అదే పాట ఓసారి కూనిరాగం తియ్యరా" అన్నాను. వాడు నోరు విప్పలేదు. గాల్లో వేళ్ళు ఆడించి చూపించాడు!

అసలు గొడవంతా తీగల దగ్గరే మొదలైంది. గిటారుకు ఆరు తీగలు ఉండేవి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. 1990లో గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం ఐబనెజ్ కంపెనీ ఏడు తీగల గిటారును మార్కెట్లోకి తెచ్చింది. సరే, పెద్దాయన, ముచ్చటపడ్డాడు అనుకున్నాం. ఆ తర్వాత స్వీడన్ బ్యాండు మెషుగ్గా ఎనిమిదిలోకి దిగింది. ఇప్పుడు తొమ్మిది కూడా దొరుకుతున్నాయి. ఆ ఎనిమిదో తీగను మామూలు శ్రుతిలో మీటితే దాదాపు 46 హెర్ట్‌జ్. అంటే బేస్ గిటారు ఇంటి గుమ్మంలోకి వచ్చేసినట్టే. యానిమల్స్ యాజ్ లీడర్స్ అనే అమెరికా బృందంలో ఇద్దరు గిటారిస్టులు, ఒక డ్రమ్మరు, అంతే. బేసిస్టు లేడు. ఒక తీగ పెరిగితే ఒక ఉద్యోగం ఊడింది. పోనీ ఆ తీగ నాదాన్ని మనమైనా అనుభవిద్దామా అంటే, మావాడు పంపిన పాట నేను వినేది ఫోన్లో. అంత లోతు స్వరం దాని బుల్లి స్పీకర్లోంచి పూర్తిగా రాదు. వేలకు వేలు పోసి కొన్న తీగ నా దాకా వచ్చేసరికి సగం మూగది. తొమ్మిదో తీగ వాళ్ళ సంగతి తలుచుకుంటేనే జాలేస్తోంది. తీగలు మార్చుకోవడానికే సగం ఆదివారం పోతుందేమో.

ఇక వేళ్ళ సంగతి. ఈ సంగీతానికి మూలపురుషుడు, బర్మింగ్‌హామ్ వాసి టోనీ అయోమీకి రెండు వేళ్ళ కొసలు లేవు. పదిహేడో ఏట రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద నలిగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, పలచటి తీగలు వేసుకున్నాడు. 1970లో 'ఐరన్ మ్యాన్' వాయించాడు. దాన్ని గిటారు పట్టడం రాని నేను కూడా గడ్డం గీసుకుంటూ పాడగలను. అదే ఏడాది వచ్చిన 'పారనాయిడ్' అయితే, ఆల్బం నిడివి చాలక చివర్లో హడావుడిగా కట్టిన పాట.

నైపుణ్యం మీద నాకు కక్షేం లేదు. మెషుగ్గా వాళ్ళదే 'బ్లీడ్' (2008) వినండి. డ్రమ్మరు తొమాస్ హాకె కాళ్ళు చేసే పని అమానుషం. అయినా ఆ దరువు వారం రోజులు వదలదు. కష్టపడి పాట కట్టారు. మిగతావాళ్ళు కష్టపడుతున్నారు, అంతే.

నవ్వులాట పక్కన పెడితే, మావాడి గదిలోకి తొంగిచూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. వాడు, కంప్యూటరు, మెట్రోనోమ్. డ్రమ్ములు సాఫ్ట్‌వేర్‌వి. వేళ్ళకు కాయలు కాచాయి. ఇంత సాధన చేసేవాణ్ణి మెచ్చుకునే మనిషి ఆ గదిలో లేడు, "ఇక చాల్లే, మొదటి ముక్కే బావుంది, మళ్ళీ వాయించు" అనే మనిషీ లేడు. అయోమీ బృందం బ్లాక్ సబ్బత్ అలా కాదు; నలుగురూ ఒకే ఊరి కుర్రాళ్ళు, ఒకే గదిలో కూర్చుని వాయించుకున్నారు. 2025 జులై 5న అదే బర్మింగ్‌హామ్‌లో ఆఖరిసారి కలిసి వాయించారు. పార్కిన్సన్స్‌తో బాధపడుతున్న గాయకుడు ఆజీ ఆస్బోర్న్ కుర్చీలో కూర్చునే పాడాడు. ముగింపు పాట, ఆ హడావుడిగా కట్టిన 'పారనాయిడే'. స్టేడియమంతా గొంతు కలిపింది. పదిహేడు రోజులకు ఆయన పోయాడు.

మీ ఇంట్లోనూ ఎనిమిది తీగల కుర్రాడుంటే దయచేసి తొమ్మిదో తీగ కొనివ్వకండి. ఆ డబ్బుతో వీధిలో డ్రమ్స్ వాయించే కుర్రాణ్ణి ఓ నెల్రోజులు టిఫినుకు పిలవండి. వాడు ఆవలించిన చోట మనవాణ్ణి ఆపెయ్యమనండి.