యాభై ఇంటూ నాలుగు

బావగారు కారు స్టీరియో కొన్నది డబ్బా మీది లెక్క చూసి. 50 ఇంటూ 4, అంటే 200 వాట్లు! ఇంట్లో 500 వాట్ల మిక్సీ పెట్టే గోలకు వీధి చివరి పాలవాడు కూడా ఉలిక్కిపడతాడు. అందులో సగమైనా రాదా అని ఆయన ధీమా.

తీరా విజయవాడ బెంజి సర్కిల్ దాటేలోపు వాల్యూమ్ చివరికంటా వెళ్లింది. పాట మాత్రం గొంతులో చేపముల్లు గుచ్చుకున్నవాడు పాడినట్టు వచ్చింది.

"స్పీకర్లు డొక్కువి బావా" అని బావమరిది తేల్చేశాడు. ఆటోనగర్ మేస్త్రి మాత్రం స్పీకర్ల జోలికే పోలేదు.

"సార్, మీ బ్యాటరీ 12 వోల్టులది. ఇంజన్ తిరుగుతుంటే 14 పైచిలుకు. స్పీకరు 4 ఓములు. ఇక 50 వాట్లు ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

లెక్క అతనిదే నిజం. 14.4 వోల్టులు పూర్తిగా అందినా, శుభ్రమైన శబ్దానికి ఒక్కో స్పీకరుకు 26 వాట్లు దాటవు. లోపలి నష్టాలు పోను మిగిలేది 20 అటూ ఇటూ. అంతకుమించి అడిగితే ఆంప్లిఫయర్ నోరు తెరిచి లేదనదు. శబ్దతరంగాల శిఖరాలను ముంజకాయ నెత్తి చెక్కినట్టు చెక్కేసి పంపిస్తుంది. దాని పేరు క్లిప్పింగ్. తరంగాన్ని అలా నలుపలకలుగా నరికేస్తే వచ్చే అంకే డబ్బా మీది 50.

దాంతో విడిగా ఆంప్ వచ్చింది. 12 వోల్టులను తన లోపలే పెంచుకునే సరంజామా దానికి ఉంటుంది. బ్యాటరీ నుంచి లావుపాటి వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, రంగు గీకిన ఇనుము మీద ఎర్త్. మేస్త్రి టీకి వెళ్లగానే బావమరిది గెయిన్ మరను ఆ చివరికి తిప్పేశాడు. "డబ్బులు మొత్తం ఇచ్చాం, సగం తిప్పడమెందుకు?"

మళ్లీ గరగర. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియో పంపే సిగ్నల్ బలానికి ఆంప్‌ను సరిపెట్టే మర. మేస్త్రి స్పీకరు వైర్లు ఊడదీసి, స్టీరియోను ముప్పావు వాల్యూమ్‌లో ఉంచి, 1,000 హెర్ట్జ్ కూత పెట్టాడు. ఆంప్ ఛానెల్‌కు 50 వాట్లు, స్పీకరు 4 ఓములు. రెంటినీ గుణిస్తే 200, దాని వర్గమూలం 14.14. మల్టీమీటర్ 14 వోల్టులు చూపగానే మర తిప్పడం ఆపేశాడు.

"100 వాట్ల ఆంప్ అయితే రెట్టింపు మోతేగా?" బావగారి సందేహం.

"మూడు డెసిబెల్స్ పెరుగుతుంది సార్. చెవికి రెట్టింపు అనిపించాలంటే పదింతలు వాట్లు కావాలి."

బావగారు పర్సు మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

బేస్ బూస్ట్ కథ ఇంకా ఘోరం. ఆరు డెసిబెల్స్ పెంచితే ఆ బేస్‌కు నాలుగింతలు వాట్లు కావాలి. మేస్త్రి దాన్ని సున్నాకు దించి, 80 హెర్ట్జ్ కంటే కింది బరువంతా తలుపు స్పీకర్ల మీంచి తీసేసి సబ్‌వూఫర్‌కు అప్పగించాడు. తలుపు రేకుకున్న కంతలన్నీ బ్యూటైల్ షీటుతో మూశాడు. ఆ కంతల్లోంచి స్పీకరు వెనకవైపు గాలి ముందుకొచ్చి బేస్‌ను మింగేస్తుందట. అయినా ఎక్కడో గలగల. వెతికితే తలుపు అరలో చిల్లర నాణేలు. ఫాస్టాగ్ వచ్చాక టోల్‌గేటు దగ్గర పనిలేక అక్కడే కాపురం పెట్టినవి.

చివరికి బావగారు తన ప్రాణప్రదమైన పాట పెట్టారు. ఏనాటి క్యాసెట్టులోంచో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన పాట. తబలా దెబ్బ వీపున తగిలింది, వేణువు పక్కసీట్లో కూర్చుని ఊదినట్టుంది. అంతలో చరణం పై స్థాయికి వెళ్లింది.

"మేస్త్రీ, మళ్లీ గరగర!"

మేస్త్రి చెవి ఒగ్గాడు. "ఇది పాటలోదే సార్. రికార్డు చేసిన మహానుభావుడెవరో ముల్లు ఎర్రగీత దాటేదాకా పెంచేశాడు. ఇన్నాళ్లూ మన గరగరలో అది కలిసిపోయింది."

ఆ మహానుభావుడు తానేనని బావగారు చెప్పలేదు. వాల్యూమ్ కాస్త తగ్గించి, కిటికీ అద్దం దించి, మేస్త్రికి ఎంతివ్వాలో అడిగారు.