స్కెడ్ గద్యం: బాలబోధినీ వ్యాఖ్యా సహితం

అవతారిక: ఏటా డిసెంబరు 26న సిడ్నీ హార్బరులో ఫిరంగి పేలుతుంది. ఆ మోతకు బయలుదేరిన తెరచాప పడవలు టాస్మేనియా ద్వీపంలోని హోబార్ట్ చేరాలంటే 628 నాటికల్ మైళ్లు పోవాలి. 1945లో మొదలైన పందెం ఇది. ఉపగ్రహ ట్రాకర్లు రాకముందు ఏ పడవ ఎక్కడుందో తెలియాలంటే షార్ట్‌వేవే దిక్కు. వెంట వచ్చే రేడియో ఓడ నిర్ణీత వేళల్లో పడవల పేర్లు అక్షరక్రమంలో పిలిచేది. పిలిచిన పడవ తానున్న చోటు చెప్పేది. ఈ పారాయణాన్నే నావికులు స్కెడ్ అంటారు. తగిన సెట్టు ఉన్న తీరవాసి ఎవరైనా శ్రోతే, టిక్కెట్టు ఉండేది కాదు.

మూలం:
“ఫలానా పడవ, ఫలానా పడవ. త్రీ సెవెన్, వన్ ఫైవ్ సౌత్. వన్ ఫైవ్ జీరో, వన్ వన్ ఈస్ట్. ఓవర్.”
“రోజర్. తరువాతి పడవ... తరువాతి పడవ... నథింగ్ హెర్డ్.”

ప్రతిపదార్థం: ఫలానా పడవ, ఫలానా పడవ = ఫలానా పేరు గల నౌక; త్రీ సెవెన్, వన్ ఫైవ్ = ముప్పదియేడు డిగ్రీల పదునైదు నిమిషముల; సౌత్ = దక్షిణ అక్షాంశమునందును; వన్ ఫైవ్ జీరో, వన్ వన్ = నూటయేబది డిగ్రీల పదునొకండు నిమిషముల; ఈస్ట్ = తూర్పు రేఖాంశమునందును (ఉన్నది అని అధ్యాహారము); ఓవర్ = ఇక మీరు పలుకుడు; రోజర్ = ఆలకించితిమి; నథింగ్ హెర్డ్ = ఏమియు వినబడలేదు.

పేరు రెండుసార్లు పలకడం పునరుక్తి దోషమని తొందరపడకండి. మొదటిది రేడియో గరగరలో కలిసిపోయినా రెండోది మిగులుతుందని ఆ ఏర్పాటు.

పాఠాంతరం: ‘వన్ ఫైవ్’ అని విడగొట్టడం ఎందుకు, ‘ఫిఫ్టీన్’ అంటే పోలేదా అని పూర్వపక్షం. పోదు. గరగరలో ఫిఫ్టీన్ కాస్తా ఫిఫ్టీ అవుతుంది. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు. పదిహేనుకు యాభై అని రాసుకున్న లేఖకుడు పడవను 35 మైళ్లు, అంటే దాదాపు 65 కిలోమీటర్లు దక్షిణానికి తోసేసినట్టే. వెతకబోయే హెలికాప్టరుకు ఆ పాఠమే ప్రమాణం. మన తాళపత్ర ప్రతుల పరిష్కర్తలకు ఇంత పూచీ ఎన్నడూ లేదు.

ఛందస్సు: ప్రాస లేదు. యతిస్థానం ఒక్కటే, ఓవర్. అక్కడ ఆగకపోతే రెండు గొంతులు ఒకదానిమీద ఒకటి పడి ఇద్దరి మాటా పోతుంది. యతిభంగానికి ఇంత తక్షణ శిక్ష ఏ లాక్షణికుడూ విధించలేదు.

శ్రవణవిధి: మామూలు రేడియోలో ఇదంతా బాతుల గోల. ఎందుకంటే ఈ పడవలు వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో మాటను మోసే క్యారియర్ తరంగాన్ని అణచి పంపుతారు, వినే సెట్టే దాన్ని మళ్లీ కలుపుకోవాలి. నాబు వెంట్రుకవాసి అటు జరిగితే కెప్టెన్ కీచుగొంతు పిల్లవాడు, ఇటు జరిగితే కుంభకర్ణుడు. ఓపిక లేనివారు ఈ గ్రంథానికి అధికారులు కారు.

తాత్పర్యం: ఒక పడవ ఉన్నదనియు, ఒక పడవ పలుకలేదనియు భావము.

ఇంతేనా అంటారు. ఇంతే. కానీ వ్యాఖ్యాతకు చేతినిండా పని ‘నథింగ్ హెర్డ్’ దగ్గరే. పలకకపోవడానికి బ్యాటరీ తడవడం చాలు. అంతకంటే చిక్కు మరొకటి ఉంది. చాలా పడవల్లో తెరచాప స్తంభాన్ని వెనకనుంచి పట్టి ఉంచే ఉక్కుతీగే యాంటెన్నా. తుపానుకు స్తంభం విరిగితే యాంటెన్నా కూడా దానితోనే పోతుంది, సరిగ్గా మాట అవసరమైన వేళ. అలాగని మౌనమంతా మరణం కాదు. 1945 నాటి తొలి పందెంలో తొమ్మిదే పడవలు. తుపాను తర్వాత ‘రాణి’ అనే పడవ ఆచూకీ లేక మునిగిందనుకున్నారు. తీరా చూస్తే గెలిచింది అదే.

1998 పందెం దగ్గర మాత్రం వ్యాఖ్యానానికి హాస్యం చాలదు. 115 పడవలు బయలుదేరాయి. డిసెంబరు 27 మధ్యాహ్నం స్కెడ్‌లో ‘స్వోర్డ్ ఆఫ్ ఒరయన్’ అనే పడవ మూలపాఠాన్ని దాటి ఒక మాట ఎక్కువ చెప్పింది: గాలి 78 నాట్ల దాకా విసురుతోంది, అంటే గంటకు 144 కిలోమీటర్లు. తన గాలి సంగతి ప్రత్యర్థికి చెప్పడం పందెంలో నష్టమే, అయినా చెప్పింది. విని వెనుదిరిగిన వాళ్లున్నారు. తర్వాత ఆ పడవే బోల్తాపడి ఒక నావికుణ్ణి పోగొట్టుకుంది. మొత్తం ఆరుగురు చనిపోయారు, హోబార్ట్ చేరినవి 44.

ఆ తర్వాత ఈ గద్యానికి నిర్వాహకులు ఒక అనుబంధం చేర్చారు. బాస్ జలసంధి ముఖద్వారమైన గ్రీన్ కేప్ దగ్గర ప్రతి పడవా రేడియోలో పలకాలన్నారు: రేడియో పనిచేస్తోంది, ప్రాణరక్షక తెప్పలున్నాయి, ఇంజనూ బ్యాటరీలూ బాగున్నాయి, పడవా మనుషులూ సరిగ్గా ఉన్నారు, వాతావరణ సూచన చూసుకున్నాం. ఇది చెప్పకుండా ముందుకు పోకూడదన్నారు. కవిత్వంగా చూస్తే మూలం కంటే పేలవం, పాఠ్యాంశంగా మాత్రం తప్పనిసరి.