గోనె సంచి గోడు

హుగ్లీ ఒడ్డున ఒక జూట్ మిల్లులో పుట్టాను. నార దువ్వడం, వడకడం, నేయడం అన్నీ యంత్రాల హోరులో జరిగిపోయాయి. గుర్తున్నది నూనె ఒక్కటే. నార మెత్తబడడానికి మామూలు గోనెలకు పెట్రోలియం నుంచి తీసిన నూనె పట్టిస్తారు. ఆ కంపు కాఫీ గింజలకు ఎక్కేస్తుంది కాబట్టి, వాటి కోసం నేసే సంచులకు మొక్కల నూనె వాడతారు. నేను ఆ రెండో రకం. అది నాకు ఇప్పటికీ గర్వమే.

ఖరగ్‌పూర్ యార్డు మీదుగా, విశాఖ మీదుగా వెళ్లి, కొత్తవలస దగ్గర కొండల దారి పట్టాను. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన లైను అది. సొరంగాలు దాటితే అరకు. అక్కడొక గిరిజన కుటుంబం ఇంటికి చేరాను. రెండెకరాల తోట, సిల్వర్ ఓక్ నీడ, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు.

మొదటి ఏడు నాకు సుఖం లేదు. పచ్చికాయ, పండు, ఎండు అన్నీ ఒకేసారి దూసి, తొక్కతోనే వాకిట్లో ఎండబెట్టి నాలో కుక్కారు. మట్టివాసన, బూజు. షావుకారు చెప్పిందే ధర.

మరుసటి శీతాకాలానికి ఆ ఇల్లాలు శిక్షణకు వెళ్లొచ్చింది. "ఒరే, ఎర్రగా పండిందే కొయ్యి, పచ్చికాయ ఒక్కటి పడినా రుచి పోద్ది" అని కొడుకును వెంటబడి కోయించింది. ఒకే మొక్క దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లారు. కోసిన పళ్లు నీళ్లలో పోసి, తేలిన తాలు తీసేసి, ఆ రోజే పల్పర్‌లో తొక్క ఒలిచారు. జిగురు పులియబెట్టి కడిగి, గింజల్ని నేలకు తగలకుండా వలమంచెల మీద ఆరబోశారు. పగలు తిరగేస్తూ, రాత్రి మంచు పడకుండా పట్టా కప్పుతూ, తేమ 11 శాతం దగ్గరకు వచ్చేదాకా కాపలా కాశారు. రుచి చూసేవాళ్లు నూటికి 80 మార్కులు వేస్తేనే అది స్పెషాలిటీ కాఫీ. ఆ మార్కులు ఎక్కడ పోతాయో ఆమెకు తెలుసు. గింజలు నాలో పోసి, దబ్బనంతో మూతి కుట్టి, చెక్కల మీద గోడకు ఎడంగా నిలబెట్టింది. ఆ గదిలోంచి కిరసనాయిలు డబ్బా తీసేసింది. ఎండుచేపల బుట్ట వసారాలోకి మార్చింది. వాసన పట్టడం నా జాతి లక్షణం. దాన్ని తప్పుగా చూడకుండా, నా చుట్టూ ఉన్నవే సర్దిన మనిషిని మరొకరిని చూడలేదు.

2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేవాళ్లు గాలి చొరని ప్లాస్టిక్ సంచి లోపల పెట్టమన్నారు. నాలోంచి తేమ చొరబడుతుందన్న మాట నిజమే. ఒప్పుకున్నాను. పై చొక్కానయ్యాను. తర్వాత ఒక గోదాములో కొక్కేలు దించి లాగారు. రెండు చోట్ల చిరిగాను. ఆమె మాసిక వేసింది.

తాతల కాలంలో బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగపూర్ రైల్వే) వర్క్‌షాప్ పనికని శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబం ఒకటి ఒక జనవరిలో అరకు చూడడానికి వచ్చింది. గింజలు కొన్నారు. ఆమె నాలోనే పోసిచ్చింది. అలా ఖరగ్‌పూర్‌లో ఈ మథురాకాటి రైల్వే క్వార్టర్‌కు వచ్చాను. మామ్మగారు బాణలిలో గింజలు వేయిస్తుంటే పక్కింటి బెంగాలీ వాళ్లు కూడా తలుపు తట్టేవారు. అవి నా మంచి రోజులు.

గింజలు అయిపోయాయి. బంగాళాదుంపలు పోశారు, ఒకటి కుళ్లింది. తర్వాత పాత ఇనుప సామాను. ఇప్పుడు గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాను. వానలో తడిసి, ఎండలో బిగిసి, చెప్పుల బురద మోస్తున్నాను. నా మీద అచ్చు వేసిన ఊరి పేరు మాసిపోయింది. నిన్న కోడలు అంది: "ఏటండీ, ఈ గోనె ఇంకా ఎందుకు? కంపు కొడతంది, చెత్తలో పడేయండి."

కంపు నాది కాదమ్మా, మీరు నాలో పెట్టింది. పారేయాలనే ఉంటే చెత్తకుప్పలో వద్దు. పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో పరవండి. నేను నారను, మట్టిలో కలుస్తాను. కలిసేలోగా ఒక వేసవి ఆ వేళ్ల దగ్గర తడి ఆరకుండా చూస్తాను.