మధ్యధరాలో కారప్పొడి

వేసవిలో గుంటూరు మిర్చి యార్డుకు సెలవులివ్వగానే, సరుకు కోల్డ్ స్టోరేజీలో పడేసి, అమెరికా పిల్లలు కొనిచ్చిన టికెట్లతో మధ్యధరా సముద్రంలో ఓడెక్కే దంపతుల జాతి ఒకటి మన ప్రాంతంలో బయల్దేరింది. గుర్తుపట్టడం తేలిక. తిరిగొస్తానని నమ్మించడానికి ఆయన వీసా కాగితాలకు పట్టాదారు పాసుపుస్తకం జతచేస్తాడు. ఆవిడ పెట్టెలో గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి సర్దుతుంది. బార్సిలోనాలో ఓడ చూసీ చూడగానే ఎత్తు ఎన్ని కోల్డ్ స్టోరేజీలో, డెక్కు ఎన్ని ఎకరాలో ఆయన లెక్క తేల్చేస్తాడు. మార్సెయిల్లో దిగీదిగగానే ఇంటికి ఫోను: "తేజ మిర్చి ఎంత పోయింది?" యార్డుకు సెలవని తెలిసే అడుగుతాడు. "ఏవండీ, సముద్రం చూడరా?" అని ఆవిడంటే, "ఎక్కడికి పోద్దే, వారమంతా అదేగా" అంటాడు.

ఇంత ఖర్చుపెట్టి వెళ్ళేది గోంగూర తినడానికా, సముద్రమే కావాలంటే బాపట్ల దగ్గర సూర్యలంక లేదా అని వీళ్ళను చూసి నవ్వేవాళ్ళున్నారు. క్రూజు అంటే ఏమిటో తెలియకే ఆ నవ్వు. మనం మంచం దిగకుండా ఊళ్ళే మన దగ్గరికి వచ్చే ఏర్పాటది. రాత్రి పడుకుంటే తెల్లారేసరికి మరో రేవు. దిండు మాత్రం అదే. ఇటలీవాడి పాస్తా, ఇంగ్లీషువాడి టీ ఓడే మోసుకెళ్తుంది. ఓడ మరిచిపోయిన సీసా మనవాళ్ళు తెచ్చుకుంటే అది నామోషీ ఎలా అవుతుంది? 1830లో ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారాన్ని వెంటేసుకునే కాశీకి బయల్దేరాడు. ఇల్లు వదల్లేనివాడని ఆయన్నెవరూ వెక్కిరించలేదు.

అన్నిటినీ గుంటూరుతో పోల్చేవాళ్ళకు కొత్తదేం కనిపిస్తుందన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. కానీ కొలిచేవాడు దగ్గరికెళ్ళి చూడక తప్పదు. పదమూడో శతాబ్దంలో మన మోటుపల్లి బట్టల సన్నదనం చెప్పడానికి వెనిస్ వర్తకుడు మార్కోపోలోకి తను ఎరిగిన సాలెగూడే కావలసి వచ్చింది. మన ఆయనా అంతే. ఆలివ్ తోట కనబడితే ఫొటో తరువాత, ముందు డ్రిప్పు గొట్టాలు, చెట్టుకెంత దిగుబడి అన్న ఆరా. జెనోవాలో తులసికి చుట్టమైన ఆకును, వెల్లుల్లిని పాలరాతి రోట్లో నూరుతుంటే తోటి ప్రయాణికులు వీడియోలు తీస్తారు. ఆవిడ మాత్రం వంగి వాసన చూసి, "ఇది మన రోటిపచ్చడే, కారం వెయ్యడం మర్చిపోయారు" అని తీర్పు చెబుతుంది. చరిత్ర ఆవిడ పక్షానే ఉంది. 1492లో మిరియాల కోసం బయల్దేరి మిరప పండే నేల తొక్కిన కొలంబస్ ఆ ఊరివాడే. ఆ మిరపను పోర్చుగీసువాళ్ళు మనదాకా తెచ్చారు, మనం యార్డు కట్టాం. వాళ్ళ రోట్లోకి మాత్రం అది చేరలేదు. ఆవిడ సీసా మూత తీసేది అందుకే.